దృశ్య స్మృతులు – పరిరక్షణ

మానవుడు తన జ్ఞాపకాలను రాబోయే తరాలకు అందించడానికి అనాదిగా అనేక సాధనాలను ఆశ్రయించాడు. శిలపై చెక్కించాడు; రాగిరేకుపై మలిపించాడు; తాటాకుపై గంటంతో రాశాడు; కాగితంపై అచ్చొత్తించాడు. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో వీడియో కెమెరా సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి రావడంతో ఈ సాధనాల వరుసలో కదిలే బొమ్మా, పలికే గొంతూ చేరాయి. పెళ్లిపందిట్లో బంధువుల పరిహాసాలు, పసిబిడ్డ తప్పటడుగులు, నాయనమ్మ చెప్పిన కథ, తాతయ్య చదివిన పద్యం – ఇవన్నీ నేడు కంప్యూటరులో ఫైళ్ల రూపంలో నిలిచి ఉన్నాయి.

చలనచిత్ర నిర్మాణంలో ఒక దృశ్యం పాడైతే నటీనటులను పిలిపించి మళ్లీ చిత్రించవచ్చు. గృహ వీడియోకు ఆ వెసులుబాటు లేదు. గతించిన తాతయ్య చేత ఆ పద్యాన్ని మరోసారి చదివించడం ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల ఖర్చు దృష్ట్యా గృహ వీడియో స్వల్పమే అయినా, పోయినప్పుడు కలిగే లోటు దృష్ట్యా అది అనల్పం.

ఇటువంటి దృశ్యాలను ఒకచోట చేర్చి, వరుసలో అమర్చి, పాటలూ పేర్లూ జోడించి చిన్న చిత్రంగా కూర్చుకోవడానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఉపకరిస్తాయి. అయితే ఎన్నో రోజులు శ్రమించి కూర్చిన తరువాత, ఒకనాడు కంప్యూటరు తెరపై “ఈ లైబ్రరీని తెరవడం సాధ్యం కాదు” అన్న సందేశం కనిపించవచ్చు. ఆ వాక్యం మరణవార్తా, లేక అనారోగ్య సూచన మాత్రమేనా? చాలా సందర్భాల్లో అది అనారోగ్య సూచనే. ఆ తరువాత తొందరపాటుతో చేసే పనులే దానిని మరణవార్తగా మారుస్తాయి. ఈ సంగతి అర్థం కావాలంటే ముందుగా లైబ్రరీ స్వరూపాన్ని తెలుసుకోవాలి.

లైబ్రరీ స్వరూపం

1995లో వెలువడిన డీవీ పద్ధతి దృశ్యాన్ని అంకెల రూపంలో చిన్న టేపు మీద నమోదు చేయడానికి వీలు కల్పించింది. ఆ పద్ధతిలో ఒక గంట దృశ్యం కంప్యూటరులోకి చేరితే సుమారు 13 గిగాబైట్ల స్థలాన్ని ఆక్రమించేది. 1999లో ఆపిల్ సంస్థ ఐమూవీని, 2000లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ మూవీ మేకర్‌ను విడుదల చేయడంతో అంతవరకు స్టూడియోలకే పరిమితమైన ఎడిటింగ్ విద్య ఇళ్లలోకి వచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్లలో ఒక విశేషం ఉంది. తెర మీద కత్తెర గుర్తు కనిపించినా, నిజానికి అక్కడ ఏదీ కత్తిరింపుకు గురికాదు. మూలదృశ్యం యథాతథంగా ఉంటుంది. “మూడో దృశ్యంలో పన్నెండో సెకను నుంచి ఇరవయ్యో సెకను వరకు చూపు, దానికి ముందు ఈ శీర్షిక పెట్టు, వెనుక ఈ పాట వినిపించు” అనే ఆదేశాల జాబితాను మాత్రమే సాఫ్ట్‌వేరు రాసుకుంటుంది. వంటకానికీ, వంట చేసే విధానాన్ని రాసిన కాగితానికీ ఉన్న భేదమే మూలదృశ్యానికీ ఈ జాబితాకూ ఉంది.

కాబట్టి ఎడిటింగ్ లైబ్రరీలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది మూలదృశ్యాలు, అంటే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైళ్లు. రెండవది కూర్పు జాబితా. ఏ దృశ్యం ఎక్కడ ఉన్నదీ, ఏది దేని తరువాత రావలసినదీ తెలిపే డేటాబేసు. మూడవది సహాయక ఫైళ్లు. తెర మీద వేగంగా చూపడానికి సాఫ్ట్‌వేరు తనకోసం తయారుచేసుకున్న చిన్న బొమ్మలూ, తాత్కాలిక దృశ్యాలూ ఇందులోకి వస్తాయి.

ఈ మూడింటి విలువ సమానం కాదు. సహాయక ఫైళ్లు పోతే సాఫ్ట్‌వేరు వాటిని తానే మళ్లీ సృష్టించుకుంటుంది. కూర్పు జాబితా పోతే మనిషి మళ్లీ శ్రమించి కూర్చుకోవచ్చు. మూలదృశ్యాలు పోతే వాటిని తిరిగి సృష్టించే మార్గం లేదు. పునరుద్ధరణకూ, పరిరక్షణకూ సంబంధించిన సూత్రాలన్నీ ఈ భేదం మీదనే ఆధారపడి ఉన్నాయి.

అన్ని సాఫ్ట్‌వేర్లూ ఈ భాగాలను ఒకే విధంగా అమర్చవు. మూవీ మేకర్ ప్రాజెక్టు ఫైలులో జాబితా మాత్రమే ఉండేది. దృశ్యాలు వేరే ఫోల్డర్లలో ఉండేవి. ప్రాజెక్టు ఫైలును ఒక్కదానినే పెన్‌డ్రైవులోకి తీసుకుని, చిత్రమంతా తమ వెంట ఉన్నదని భ్రమించినవారికి మరో కంప్యూటరులో దృశ్యాల స్థానంలో ఖాళీ గుర్తులే దర్శనమిచ్చేవి. 2013లో వచ్చిన ఐమూవీ 10వ సంచిక ఇందుకు భిన్నంగా మూడు భాగాలనూ ఒకే లైబ్రరీలో చేర్చింది. చూడడానికి అది ఒకే ఫైలులా కనిపించినా, వాస్తవానికి అనేక ఫోల్డర్లు గల మూట. మూట విప్పడం తెలిసినవారికి లోపలి దృశ్యాలు విడివిడిగా కనిపిస్తాయి.

చెడిపోవడానికి కారణాలు

లైబ్రరీ దెబ్బతినడానికి ప్రధాన కారణం రాత మధ్యలో ఆగిపోవడం. సాఫ్ట్‌వేరు తన జాబితాను డిస్కు మీద రాస్తున్న క్షణంలో కరెంటు పోయినా, బయటి హార్డ్ డిస్కు తీగను హఠాత్తుగా లాగినా సగం కొత్తదీ, సగం పాతదీ అయిన జాబితా మిగులుతుంది. అది ఏ అర్థాన్నీ ఇవ్వదు. డిస్కులో ఖాళీ స్థలం లేనప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

రెండవ కారణం డిస్కు వార్ధక్యం. హార్డ్ డిస్కులో పళ్లేలు తిరుగుతాయి; వాటి మీద చదివే ముల్లు కదులుతుంది. కదిలే యంత్రానికి అరుగుదల తప్పదు. ఫైలు తెరవడానికి అసాధారణమైన ఆలస్యం, టక్‌టక్‌మనే శబ్దం – ఇవి దాని హెచ్చరికలు. కదిలే భాగాలు లేని పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు కూడా శాశ్వతం కావు. వాటిలో సమాచారాన్ని నిలిపే విద్యుదావేశం, ఏళ్ల తరబడి వాడకుండా ఉంచినప్పుడు క్రమంగా క్షీణిస్తుంది.

మూడవ కారణం కెమెరాలోనే ఉంది. అనేక కెమెరాలు చిత్రీకరణ ముగిసిన తరువాతనే ఫైలు చివర ఒక సూచికను రాస్తాయి. ఏ బొమ్మ ఎక్కడ మొదలవుతుందో ఆ సూచికే తెలుపుతుంది. చిత్రీకరణ సాగుతుండగా బ్యాటరీ ఊడిపోతే దృశ్యం నమోదై ఉన్నా సూచిక ఉండదు. విషయసూచికతో పాటు పుట సంఖ్యలు కూడా పోయి, పుటలన్నీ కలిసిపోయిన గ్రంథం వంటిది ఆ ఫైలు.

వీటికి తోడు ఒక చారిత్రక కారణం కూడా ఉంది. టేపుల కాలంలో దృశ్యాన్ని కంప్యూటరులోకి ఎక్కించిన తరువాత కూడా టేపు బీరువాలో ఉండేది. కంప్యూటరు పాడైనా టేపు నుంచి మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఎవరూ ప్రత్యేకంగా ప్రయత్నించకుండానే మూలప్రతి భద్రంగా మిగిలేది. టేపు స్థానంలో మెమరీ కార్డు వచ్చాక ఈ రక్షణ పోయింది. కార్డులోని దృశ్యాలను కంప్యూటరులోకి ఎక్కించి, కార్డును తుడిచి, మరునాడు మళ్లీ వాడడం అలవాటైంది. దానితో లైబ్రరీలో ఉన్నదే ఏకైక ప్రతిగా మారింది.

పునరుద్ధరణ క్రమం

లైబ్రరీ తెరుచుకోనప్పుడు మొదట చేయవలసిన పని, ఏమీ చేయకుండా ఉండడం. పదే పదే తెరవడానికి ప్రయత్నించడం, కనిపించిన ప్రతి మరమ్మతు సాధనాన్నీ ప్రయోగించడం, అదే డిస్కులో కొత్త ఫైళ్లు రాయడం – ఇవి మూడూ హానికరం. ముఖ్యంగా పొరపాటున తుడిచిపెట్టిన ఫైళ్ల విషయంలో ఇది మరింత నిజం. హార్డ్ డిస్కులో ఒక ఫైలును తుడిచినప్పుడు సాధారణంగా దాని పేరు, చిరునామా మాత్రమే జాబితా నుంచి తొలగుతాయి. సమాచారం అక్కడే ఉంటుంది. ఆ స్థలంలో మరొకటి రాసినప్పుడే అది నశిస్తుంది. అయితే కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్కులలో తుడిచిన స్థలాన్ని యంత్రమే త్వరలో ఖాళీ చేసుకుంటుంది. వాటి విషయంలో ఆశ తక్కువ.

రెండవ మెట్టు, చెడిన లైబ్రరీని ఉన్నది ఉన్నట్లుగా మరొక డిస్కులోకి నకలు తీయడం. ఇకపై చేసే ప్రయోగాలన్నీ ఆ నకలు మీదనే జరగాలి. డిస్కు శబ్దం చేస్తున్నా, కంప్యూటరుకు కనిపించకపోయినా ఇంట్లో ప్రయోగాలు మాని, డేటా రికవరీ నిపుణులకు అప్పగించడం ఉత్తమం.

మూడవ మెట్టు, మూలదృశ్యాలను వేరుచేయడం. ఐమూవీ లైబ్రరీ మీద మౌసు కుడిమీట నొక్కి “షో ప్యాకేజ్ కంటెంట్స్” అనే ఆదేశాన్ని ఎంచుకుంటే మూట విడిపోతుంది. లోపల సందర్భాల పేర్లతో ఫోల్డర్లు, వాటిలో “ఒరిజినల్ మీడియా” అనే ఫోల్డరు కనిపిస్తాయి. కెమెరా ఫైళ్లు ఉండేది అక్కడే. వాటిని జరపకుండా, తొలగించకుండా మరోచోటికి నకలు తీసుకోవాలి. ఇది పూర్తయితే తిరిగిరాని భాగం చేతికి వచ్చినట్లే. జాబితా బాగుపడకపోయినా జ్ఞాపకం మిగిలింది.

నాలుగవ మెట్టులోనే కూర్పు జాబితా సంగతి చూడాలి. ఆప్షన్ మీటను నొక్కి ఉంచి ఐమూవీని తెరిస్తే ఏ లైబ్రరీ కావాలో ఎంచుకునే అవకాశం కలుగుతుంది. కొత్త ఖాళీ లైబ్రరీ సక్రమంగా తెరుచుకుంటే దోషం సాఫ్ట్‌వేరులో కాక పాత లైబ్రరీలోనే ఉందని తేలుతుంది. అప్పుడు పాత బ్యాకప్ నుంచి లైబ్రరీని తెచ్చుకోవాలి. అదీ లేకుంటే, వేరుచేసిన మూలదృశ్యాలను కొత్త లైబ్రరీలో చేర్చి మళ్లీ కూర్చుకోవాలి. అదే సంస్థ తయారుచేసిన ఫైనల్ కట్ ప్రో తన జాబితాకు మధ్యమధ్య తానే నకళ్లు తీసి ఉంచుతుంది. కాని ఆ నకళ్లలో జాబితా మాత్రమే ఉంటుంది, దృశ్యాలు ఉండవు. ఆ సంగతి తెలియక, బ్యాకప్ ఉన్నదన్న ధీమాతో మూలదృశ్యాలను తొలగించడం పెద్ద పొరపాటు.

సూచిక లేని కెమెరా ఫైలుకూ మార్గం ఉంది. అదే కెమెరాతో, అదే అమరికలతో తీసిన మంచి ఫైలును ఒకదానిని నమూనాగా చూపితే, దాని నిర్మాణాన్ని అనుసరించి పోయిన సూచికను తిరిగి కట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. తుడిచిపోయిన కార్డుల నుంచి దృశ్యాలను వెలికితీయడానికి ఫోటోరెక్ వంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. వెలికితీసిన దృశ్యాలను అదే కార్డులో కాక మరొకచోట దాచడం తప్పనిసరి.

ఒక ప్రసిద్ధ సంఘటన

పెద్ద సంస్థలకు ఇటువంటి ఆపదలు రావని అనుకోవడం సరికాదు. 1998లో కాలిఫోర్నియాలోని పిక్సార్ సంస్థలో “టాయ్ స్టోరీ 2” అనే యానిమేషన్ చిత్రం నిర్మాణంలో ఉండగా, ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశం వల్ల చిత్రానికి సంబంధించిన ఫైళ్లు ఒక్కొక్కటిగా మాయం కాసాగాయి. గమనించినవారు వెంటనే యంత్రాన్ని ఆపించేసరికే చిత్రంలో అధికభాగం తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్ ఉంది కదా అనుకున్నారు. తీరా చూస్తే ఆ బ్యాకప్ కొంతకాలంగా సక్రమంగా పనిచేయడం లేదని తేలింది. అది పనిచేస్తున్నదో లేదో అంతవరకు ఎవరూ పరీక్షించలేదు.

ఆ దశలో గాలిన్ సుస్మాన్ అనే సాంకేతిక నిపుణురాలికి ఒక విషయం స్ఫురించింది. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నందున ఆమె ఇంటి నుంచే పని చేస్తూ ఉండేది. అందుకోసం చిత్రం ఫైళ్ల ప్రతి ఒకటి ఆమె ఇంటి కంప్యూటరులో ఉండేది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగా ఉంచి, సంస్థకు చేర్చారు. దాని ఆధారంగా పోయిన ఫైళ్లను చాలావరకు పునరుద్ధరించగలిగారు. చిత్రం 1999లో విడుదలైంది. కోట్ల డాలర్ల నిర్మాణాన్ని కాపాడింది ఖరీదైన యంత్రాంగం కాదు. వేరొక ఇంట్లో ఉన్న ఒక ప్రతి. పరీక్షించని బ్యాకప్‌ను నమ్మరాదనీ, ఒక ప్రతి వేరొక చోట ఉండాలనీ ఈ సంఘటన చాటుతుంది.

పరిరక్షణ మార్గాలు

అమెరికన్ ఛాయాచిత్రకారుడు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన “3–2–1” సూత్రం ఈ విషయంలో సులభమైనది. ప్రతి ఫైలుకూ 3 ప్రతులు ఉండాలి. అవి కనీసం 2 రకాల సాధనాలలో ఉండాలి. వాటిలో 1 వేరొక చోట ఉండాలి. కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లోనో మరో ఊరిలోని బంధువుల ఇంట్లోనో ఒకటి ఉంచితే ఈ నియమం నెరవేరుతుంది.

ఈ ఆలోచన తెలుగు సాహిత్య లోకానికి కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులను వేర్వేరు ప్రాంతాల నుంచి సేకరించి, పండితుల చేత సరిపోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. ఒక ప్రతిలో పురుగు తొలిచిన అక్షరం మరొక ప్రతిలో నిలిచి ఉండేది. ప్రతులన్నీ ఒకే ఇంట్లో ఉండి ఉంటే ఒకే చెదపుట్ట వాటన్నిటినీ హరించేది. నేటి చెదపుట్టలు అగ్నిప్రమాదం, వరద, దొంగతనం, కంప్యూటరు వైరస్. ఫైళ్లను బంధించి డబ్బు డిమాండు చేసే వైరస్‌లు, ఆ సమయానికి కంప్యూటరుకు తగిలించి ఉన్న బయటి డిస్కును కూడా విడిచిపెట్టవు. అందువల్ల నకలు తీయడం పూర్తికాగానే డిస్కును విడదీసి దాచాలి.

సింకుకూ బ్యాకప్‌కూ గల భేదాన్ని కూడా గుర్తించాలి. సింకు అద్దం వంటిది. ఇక్కడ చేసిన మార్పు అక్కడా కనిపిస్తుంది. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచిపోతుంది. అంతేగాక, తెరిచి ఉన్న లైబ్రరీని సింకు ఫోల్డరులో ఉంచితే దాని లోపలి భాగాలు వేర్వేరు సమయాల్లో చేరి, ఒకదానితో ఒకటి పొసగకపోయే ప్రమాదం ఉంది. లైబ్రరీని పూర్తిగా మూసిన తరువాత నకలు తీయడమే క్షేమం.

మూలదృశ్యాలను లైబ్రరీలోకి ఎక్కించడానికి ముందే, తేదీ, సందర్భం పేరుతో ఒక సాధారణ ఫోల్డరులో విడిగా దాచడం మంచి అలవాటు. రెండు ప్రతులు సిద్ధమయ్యే వరకు కెమెరా కార్డును తుడవకూడదు. చిత్రం పూర్తికాగానే సాధారణ వీడియో ఫైలుగా వెలువరించి, దానిని కూడా భద్రపరచాలి. సాఫ్ట్‌వేర్లకూ ఆయుర్దాయం ఉంటుంది. మూవీ మేకర్ పంపిణీ 2017లో ఆగిపోయింది. వీడియో క్యాసెట్ యంత్రాలను తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో ఆ పనిని విరమించింది. తెరిచే సాధనం లేనప్పుడు చెడిపోని ఫైలు కూడా మూసిన పెట్టె వంటిదే. కావున కొన్నేళ్లకు ఒకసారి పాత దృశ్యాలను కొత్త సాధనాల్లోకి మార్చుకుంటూ ఉండాలి.

చివరిది, మిక్కిలి ముఖ్యమైనది పరీక్ష. ఏడాదికి కనీసం ఒకసారి బ్యాకప్ డిస్కును తగిలించి, అందులోని లైబ్రరీని తెరిచి, కొన్ని దృశ్యాలను ఆద్యంతం చూడాలి. ఫైలు ఉన్నదని తెలియడం వేరు. అది పలుకుతున్నదని తెలియడం వేరు.

ఉపసంహారం

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని ఒక గదిలో భద్రపరిచారు. రాగి చెడలేదు. కాని ఆ భాండారం దీర్ఘకాలం జనుల స్మృతిపథం నుంచి తొలగిపోయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అది వెలుగుచూసిన తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసుల కృషితో ఆ పాటలు మళ్లీ జనం నోళ్లలోకి వచ్చాయి. ఆయన 32 వేల సంకీర్తనలు రచించాడని సంప్రదాయం చెబుతుండగా, లభించినవి అందులో సగం కూడా లేవు.

సాధనం ఎంత దృఢమైనదైనా, అది ఎక్కడ ఉన్నదో, అందులో ఏమున్నదో తెలిసినవారు ఉన్నప్పుడే ఉపయోగపడుతుందని ఈ చరిత్ర తెలుపుతున్నది. ఇంట్లో వీడియోలు దాచిన డిస్కు మీద పేరు, సంవత్సరం రాసి ఉండాలి. ఆ డిస్కు ఉన్న చోటు కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. దృశ్యంలోని పెద్దల పేర్లు, వరసలు ఒక కాగితం మీద రాసి దానితో పాటు ఉంచాలి. ఎడిటింగ్ నేర్చిన యువతరం ఇంట్లో ఆ బాధ్యతను స్వీకరిస్తే, ఇంకా పుట్టని మనుమలు కూడా ఒకనాడు తమ ముత్తాత గొంతులో పద్యాన్ని వినగలుగుతారు.